కుడివైపుది కదండీ

మధురపూడి విమానాశ్రయానికి రన్‌వే ఒక్కటే. రాజమండ్రిలో మా అపార్ట్‌మెంటు డాబా మీద నిలబడితే సాయంత్రంపూట హైదరాబాదు నుంచి వచ్చే విమానం కిందికి దిగడం కనిపిస్తుంది. రోజూ వెళ్ళి చూస్తాను. "ముప్పై రెండేళ్ళు నడిపింది చాల్లేదేంటండీ, ఇంకా మెడ ఎత్తుకుని చూస్తారు" అని మా ఆవిడ సూర్యకళ దెప్పుతూనే ఉంటుంది. ఆ నడిపేవాణ్ణి తలుచుకుంటే నాకు కుళ్ళు. దిగడానికి వాడికి ఒక్కటే దారి. ఎడమదా, కుడిదా అనే పేచీ లేదు.

నాకు ఆ పేచీ వచ్చింది. రెండేళ్ళ కిందట జనవరిలో, ఉత్తరాదిన ఒక పెద్ద నగరంలో. అందులో నేను చేసిన తప్పు ఒకటి, చెప్పిన అబద్ధం ఒకటి. తప్పుకి శిక్ష నాకే పడింది, ఆర్నెల్లు ఇంట్లో కూర్చోబెట్టారు. తర్వాత మళ్ళీ ఎక్కాను, పోయిన ఏడాది దండలు వేయించుకుని కెప్టెన్ చంద్రరావుగా రిటైరయ్యాను. అబద్ధానికి శిక్ష మాత్రం క్రిస్టినాకి పడింది.

క్రిస్టినా ఆ రోజు నా పక్క సీట్లో కో-పైలట్. ఇరవై ఆరేళ్ళ పిల్ల. చేరి ఏడాది కాలేదు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. అంతకుముందు ఇద్దరం ఎప్పుడూ కలిసి వెళ్ళలేదు. హైదరాబాదులో బయలుదేరి పైకెక్కుతుండగా, ఎక్కవలసిన ఎత్తు నేను ఒక అంకె తప్పుగా పెట్టాను. వెంటనే "చెక్ ఆల్టిట్యూడ్" అంది. సార్ లేదు, గీర్ లేదు. సరిచేసుకున్నాను. కాక్‌పిట్‌లో అలాగే ఉండాలి. ఒకరు చెప్పింది రెండోవాళ్ళు తిరిగి చెప్పాలి, సరిగ్గా విన్నారని తేలాకే పని జరగాలి. టవర్‌లో కూర్చునేవాళ్ళయినా అంతే, మనం తిరిగి చెప్పింది సరిపోతే "రీడ్‌బ్యాక్ కరెక్ట్" అంటారు. అంతా ఇంగ్లీషులో, ముక్తసరిగా. అందులో చిన్నా పెద్దా ఉండకూడదు. ఈ పిల్లకి పని బాగా వచ్చు అనుకుని సంతోషించాను.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మా గోదావరి జిల్లాల వాళ్ళకి ఒక జబ్బుంది. మనవైపు మనిషి తగిలితే ఊరు అడగాలి, ఇంటిపేరు అడగాలి, ఎవరి తాలూకో తేలితే గానీ అన్నం అరగదు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో కాఫీ తాగుతూ ఆ జబ్బు బయటపెట్టాను.

"ఏ ఊరమ్మా మీది?"

"తణుకు, సార్."

"తణుకా! మాది పెనుగొండ పక్కనేనమ్మా. తణుకులో ఎవరి తాలూకు?"

"మా నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారండి. జాషువా గారని."

"సొంతూరు తణుకేనా? అంతకుముందు ఎక్కడ?"

ఆమె కాసేపు ఎదురుగా ఉన్న మీటర్ల వైపు చూసింది. తర్వాత మా ఊరి పేరే చెప్పింది. "మా తాతగారి పేరు ముసలయ్య అండి" అంది.

సీటు బెల్టు లేకపోతే లేచి గంతేసేవాణ్ణి. ముసలయ్య మా నాన్న దగ్గర పాలేరు. చిన్నప్పుడు నన్ను భుజాన కూర్చోబెట్టుకుని, మొలలోతు నీళ్ళలో పంటకాలవ దాటించి బడికి దిగబెట్టినవాడు. "ఓసి, మా ముసలయ్య మనవరాలివా నువ్వు!" అన్నాను. ఇక తెలుగులో మొదలుపెట్టి, ఆయన నాకు గాలం వెయ్యడం నేర్పిన సంగతి, నేను కాలవలో పడితే జుట్టు పట్టుకుని లాగిన సంగతి వరసగా చెప్పుకొచ్చాను. మా పెరట్లో ముసలయ్యకి విడిగా ఒక గ్లాసు ఉండేది, చూరులో దోపి ఉంచేవాళ్ళు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు. వాళ్ళింట్లో చెప్పే ఉంటారు.

నేను చూపించింది అభిమానం అనుకున్నాను. ఆ పిల్ల ఆ మాటల తర్వాత మళ్ళీ "చెక్" అనలేదు. ప్రతిదానికీ "అలాగేనండి", "సరేనండి" మొదలైంది. అది నాకు తెలియకపోలేదు. తెలిసింది, బాగుందనిపించింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మేం దిగాల్సిన ఊళ్ళో రెండు రన్‌వేలు పక్కపక్కన ఉంటాయి. కాలవకి ఈ గట్టూ ఆ గట్టూ ఉన్నట్టు, ఒకదానికొకటి సమాంతరంగా. ఉదయం తొమ్మిదవుతున్నా పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. మాకు మొదట ఎడమ రన్‌వే ఇచ్చారు. దానికి తగ్గట్టే అన్నీ అమర్చుకుని దిగుతున్నాం. నేలకి ఇంకా నాలుగు నిమిషాల దూరంలో ఉండగా టవర్ వాళ్ళు మాట మార్చారు. ఎడమదాని మీద ఇంకో విమానం బయలుదేరుతోంది, మీరు కుడిదాని మీద దిగండి అన్నారు. రేడియో పని క్రిస్టినాది. "కుడి రన్‌వే" అని తిరిగి చెప్పింది. నేను తల ఊపాను. తల ఊపుతూనే ఉన్నాను, ముసలయ్య వండే చేపల పులుసు గురించి చెబుతూనే ఉన్నాను. పదివేల అడుగుల కిందికి వచ్చాక పనికి సంబంధం లేని మాట ఒక్కటి కూడా మాట్లాడకూడదు. ఆ నియమం కుర్రవాళ్ళకి పాఠం చెప్పినవాణ్ణి నేను.

మంచు విడింది. ఎదురుగా రన్‌వే దీపాలు కనిపించాయి. కనిపించింది మొదట అనుకున్న ఎడమదే. చెయ్యి అలవాటు కొద్దీ అటే పోయింది. వెయ్యి అడుగులు.

"మనది కుడివైపుది కదండీ?" అంది క్రిస్టినా.

"ఆఁ, ఆఁ" అన్నాను. నిజంగా వినలేదు. చెవిలో పడింది, అంతే.

ఆరువందల అడుగులు. "సార్, కుడివైపుదండీ" అంది. ఈసారి విన్నాను. విని, విసుక్కుని, అరచెయ్యి ఎత్తి ఆగమన్నట్టు చూపించాను. మా నాన్న అరుగు మీద కూర్చుని ముసలయ్యకి అలాగే చూపించేవాడు. చూపిస్తే ముసలయ్య చెప్పబోయేది మానేసేవాడు.

క్రిస్టినా కూడా మానేసింది. రెండుసార్లు చెప్పినా కెప్టెన్ పట్టించుకోకపోతే కో-పైలట్ విమానం తన చేతిలోకి తీసుకోవాలి. అది హక్కు కాదు, విధి. ఆమె చెయ్యి ఒడిలోంచి లేచి కంట్రోల్ దాకా వచ్చింది. వెనక్కి పోయింది. ఓరకంట చూశాను.

అప్పుడు టవర్ నుంచి "గో అరౌండ్, గో అరౌండ్" అని కేక, దిగకుండా మళ్ళీ పైకి లేవమని. ఇంజన్లకి పూర్తి బలం ఇచ్చి ముక్కు పైకెత్తాను. కింద, రన్‌వే మొదట్లోనే, బయలుదేరడానికి సిద్ధంగా నిలబడ్డ తెల్లటి విమానం వీపు కనిపించింది. దాని మీద ఎర్రదీపం ఆరి వెలుగుతోంది. అందులో నూట డెబ్భై మంది, మాలో నూట అరవై మంది. వాళ్ళకీ మాకూ మధ్య మూడు వందల అడుగులు కూడా లేవని తర్వాత లెక్క తేల్చారు.

చుట్టు తిరిగి వచ్చి కుడిదాని మీద దిగాం. కాక్‌పిట్‌లో మాటలు రికార్డయ్యే పెట్టె ఒకటి ఉంటుంది. అందులో రెండు గంటల మాటలే నిలుస్తాయి, విమానం మళ్ళీ బయలుదేరితే పాతవాటి మీద కొత్తవి ఎక్కిపోతాయి. ఇలాంటిది జరిగినప్పుడు దిగగానే దాని స్విచ్ లాగేయించడం కెప్టెన్ బాధ్యత. మరిచిపోయానని విచారణలో రాశాను. మరిచిపోలేదు. ఆ స్విచ్ వైపు చూసి, నా బ్యాగు తీసుకుని దిగిపోయాను.

మాటలు చెరిగిపోయాక మిగిలినవి ఇద్దరి వాంగ్మూలాలే. "కో-పైలట్ స్పష్టమైన హెచ్చరిక ఏదీ ఇవ్వలేదు" అని నాదాంట్లో రాశాను. ఆ "స్పష్టమైన" అన్న మాట పెట్టుకుని, అబద్ధం కాదులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. హోటల్ గదిలో ఉన్న క్రిస్టినాకి ఫోన్ చేసి, "అమ్మా, ఇద్దరివీ ఒకలాగే ఉండాలి, లేకపోతే ఇద్దరికీ ముప్పు. నీకేం ఫర్వాలేదు, నేను చూసుకుంటాను" అన్నాను. "అలాగేనండి" అంది. అలాగే రాసి సంతకం పెట్టింది.

టవర్ రికార్డులో ఆమె "కుడి రన్‌వే" అని తిరిగి చెప్పిన మాట భద్రంగా ఉంది. అంటే ఆమెకి తెలుసు. తెలిసి కూడా పక్కవాడికి చెప్పలేని మనిషి కాక్‌పిట్‌కి పనికిరాదని కంపెనీ తీసేసింది. నేను చూసుకోలేదు. రెండుమూడుసార్లు ఫోన్ చేద్దామనుకున్నాను, చేయలేదు.

ఈ నెల మొదట్లో జాషువా గారు ఫోన్ చేశారు. నా నంబరు ఎలా పట్టుకున్నారో మరి.

"చంద్రరావు బాబుగారేనా అండి? నేనండి, ముసలయ్య కొడుకునండి."

రిటైరైన లెక్కల మాస్టారు తనను తాను అలా పరిచయం చేసుకున్నారు. విషయం చెప్పారు. క్రిస్టినా ఇప్పుడు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతోంది. ఏ కంపెనీకి వెళ్ళినా ఆ పాత కాగితం చూసి వద్దంటున్నారు. ఇన్నాళ్ళకి ఒక కొత్త కంపెనీ తీసుకోవడానికి ఒప్పుకుంది గానీ, ఆ రోజు నడిపిన కెప్టెన్ నుంచి ఉత్తరం కావాలంది.

"పిల్ల మంచిదని మీరు నాలుగు ముక్కలు రాసిస్తే చాలండి. వచ్చే సోమవారంలోగా పంపాలంటండి. నేను అడిగానని దానికి తెలీదు బాబుగారూ, తెలిస్తే ఊరుకోదు."

నాలుగు ముక్కలేం ఖర్మ, నలభై ముక్కలు రాశాను. వినయం, ఓర్పు, మెత్తని మాట, పెద్దలంటే గౌరవం, క్రమశిక్షణ. సూర్యకళ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇది ఉద్యోగానికా, పెళ్ళిచూపులకా?" అంది. కసురుకున్నాను. కసురుకున్నాను గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. ఏ గుణాల వల్ల ఆ పిల్ల మునిగిందో అవే ఏరి ఏరి రాశాను. ఇంకోలా రాయాలంటే నిజం రాయాలి. నిజం రాస్తే విచారణ మళ్ళీ తెరుస్తారు. పత్రికల్లో పడుతుంది. దండలు వేసినవాళ్ళే నా ఫోటో గోడ మీంచి దించుతారు. అరవై ఆరేళ్ళ వయసులో అది ఎందుకు నెత్తికెత్తుకోవాలి అనుకున్నాను. ఉత్తరం కవర్లో పెట్టాను.

పోస్టులో వేస్తే సరిపోయేది. ఎందుకో స్వయంగా ఇద్దామనిపించింది. ఆదివారం మధ్యాహ్నం కారు తీశాను. ఒట్టి చేతుల్తో వెళ్ళలేక రావులపాలెంలో ఆగి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి కొన్నాను. సిద్ధాంతం వంతెన దాటాక మా ఊరికి తిరిగే దారి వచ్చింది. అటు చూడకుండా పోనిచ్చాను.

జాషువా గారి ఇల్లు తణుకులో చర్చి వెనక సందులో ఉంది. నన్ను చూసి ఆయన కంగారుపడి కుర్చీ తుడిచారు, ఫ్యాను వేశారు, ఉన్నవాటిలో మంచి కప్పు తీసి అందులో కాఫీ పోసి ఇచ్చారు. తాను మాత్రం గోడ వారగా నిలబడ్డారు. "కూర్చోండి మాస్టారూ" అన్నాను. అప్పుడు కూర్చున్నారు. తన ఇంట్లో తాను కూర్చోడానికి నేను చెప్పవలసి వచ్చింది. 

క్రిస్టినా లోపలి గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్రపెన్ను చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది. కాస్త చిక్కింది. "నమస్తే సార్" అంది. తండ్రి వైపు ఒక్కసారి చూసింది, ఆయన తల దించుకున్నారు. సంగతి అర్థమైంది ఆమెకి.

కవరు ఇచ్చాను. నిలబడే చదివింది. ఒకచోట ఎర్రపెన్ను కాగితం దాకా వెళ్ళి ఆగింది.

"ఇది వద్దండి సార్" అంది.

"ఏం తల్లీ, బాగా లేదా?" అన్నాను.

"బాగానే ఉందండి. వాళ్ళు నా మంచితనం అడగలేదండి. కుడిదని తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు అని అడుగుతున్నారు. ప్రతి ఇంటర్వ్యూలోనూ అదేనండి." కాగితం మడతపెట్టి నా ముందున్న స్టూలు మీద పెట్టింది. "మిమ్మల్ని ఒకటి అడగొచ్చా అండి?"

"అడుగు."

"నేను చెప్పానా సార్?"

నాకు అర్థం కాలేదు.

"చెప్పినట్టే గుర్తండి. రెండుసార్లు. మళ్ళీ ఆలోచిస్తే, చెప్పుంటే మీరు విని ఉండేవారు కదా అనిపిస్తుంది. లోపల అనుకుని పైకి అన్నాననుకున్నానేమో అని. సంతకం కూడా నేనే పెట్టాను కదండీ, చెప్పలేదని. చెప్పానని ఇంట్లో అంటే నాన్న నమ్మలేదు. ఇప్పుడు నాకే తెలియడం లేదండి. అది ఒక్కటి తెలిస్తే చాలు, ఉద్యోగం రాకపోయినా ఫర్వాలేదు."

రెండేళ్ళుగా నేను దాచింది నా పరువు ఒక్కటే అనుకున్నాను. ఈ పిల్ల తన మాట తానే నమ్మలేని స్థితికి వచ్చిందని నాకు తట్టనేలేదు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. నేను తీసుకున్నది అది కాదు.  కప్పు కింద పెట్టాను.

"చెప్పారు" అన్నాను. మీరు అని ఎలా వచ్చిందో నాకే తెలియదు. "వెయ్యి అడుగుల దగ్గర, మనది కుడివైపుది కదండీ అన్నారు. ఆఁ ఆఁ అన్నాను. ఆరువందల దగ్గర, సార్ కుడివైపుదండీ అన్నారు. అది విన్నాను. విని, చెయ్యి ఎత్తి ఆపాను. రికార్డు మిగలకుండా చూసిందీ నేనే."

"అయ్యో, దాన్ని పట్టుకుని 'మీరు' అంటారేంటండీ బాబుగారూ" అంటూ లేవబోయిన జాషువా గారు సగంలో ఆగిపోయారు. అప్పుడు ఎక్కినట్టుంది ఆయనకి నేను చెప్పింది. కూతురి వైపు చూస్తూ ఉండిపోయారు. రెండేళ్ళపాటు "నోరెందుకు మూసుకున్నావే" అని ఆయన అన్న మాటలన్నీ ఆ మొహంలో కనపడ్డాయి.

"విన్నావా నాన్నా" అంది క్రిస్టినా. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. నా వైపు చూడలేదు.

క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే "అయ్యో, ఎంతమాటండీ" అంటుంది, అనక తప్పదు, అలా పెరిగింది. అది కూడా ఆమె చేత అనిపించడం న్యాయం కాదనిపించి ఊరుకున్నాను. దిద్దే పేపర్లలోంచి తెల్లకాగితం ఒకటి ఇమ్మన్నాను. తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో, ముక్తసరిగా. ఎత్తులు, మాటలు, స్విచ్ సంగతి, హోటల్‌కి చేసిన ఫోను. అరగంట పట్టింది. ఆమె పక్కనే నిలబడి చూసింది.

"చెయ్యి సంగతి రాయలేదండి" అంది.

తెలుసు. కావాలనే వదిలేశాను.

"కంట్రోల్ దాకా వచ్చి వెనక్కి తీసుకున్నాను. అప్పుడు నేను తీసుకోవాల్సిందండి, మీరు చెయ్యి ఎత్తినా సరే. ఆ తప్పు నాది."

"అది నేను తప్ప ఎవరూ చూడలేదమ్మా. రాస్తే ఈ ఉద్యోగం కూడా రాకపోవచ్చు. అలా వెనక్కి తీసుకునేలా చేసింది నేను."

"రాయండి" అంది.

జాషువా గారు ఏదో అనబోయారు. ఆమె తండ్రి వైపు తిరగలేదు. నా చేతిలో పెన్ను వైపే చూస్తోంది. ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం వల్ల ఆమె ఆ కాక్‌పిట్‌లోకి వెళ్తుందో, మళ్ళీ బయటే ఉండిపోతుందో నాకు తెలియదు, ఇది చెబుతున్న రోజుకి జవాబు ఇంకా రాలేదు.

సంతకం పెట్టేముందు మొత్తం పైకి చదివాను. వెయ్యి అడుగులు, ఆమె ఇలా చెప్పింది. ఆరువందల అడుగులు, ఆమె ఇలా చెప్పింది. ఆమె చెప్పింది తిరిగి చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. చివరిదాకా చదివి తలెత్తాను. క్రిస్టినా ఎర్రపెన్నుకి మూత పెట్టింది.

"రీడ్‌బ్యాక్ కరెక్ట్" అంది.

సార్ లేదు, అండీ లేదు. హైదరాబాదులో పైకెక్కుతున్నప్పుడు నా తప్పు దిద్దిన గొంతు అదే. ఆ రోజు ఆరువందల అడుగుల దగ్గర నాకు ఆ గొంతే కావలసింది. నేనే దాన్ని కూర్చోబెట్టి, ఎవరి తాలూకు అని అడిగాను.